ఆఖరి రోజు ఎటు పోదాం?

దసరాకు వచ్చిన చుట్టాలను ఆఖరి రోజు ఎటు తీసుకుపోవాలన్నది చూడటానికి చిన్న ప్రశ్నే. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మాత్రం అంత చిన్నది కాదు. ఇక్కడి నుంచి బొంబాయి, భీవండి, సూరత్, దుబాయి పోయి బతుకుతున్న కుటుంబాలు వాడవాడలా ఉన్నాయి. వాళ్లకు సొంతూరంటే ఏడాదికి ఒక వారం. అందులో బతుకమ్మకు, జమ్మికి, చుట్టాల ఇండ్లకు పోయేది పోగా ఒకటో రెండో రోజులు మిగులుతాయి. తాము పుట్టిన గడ్డ ఎంత పాతదో ఆ కొద్ది సమయంలోనే పిల్లల మనసులో పడాలని వాళ్ల ఆరాటం.

మొన్నటి దసరాకు ఇదే విషయం మీద మా ఇంట్లో వాదన నడిచింది. ఒక పక్క నా భార్య. కరీంనగర్ బడిలో తెలుగు చెప్తుంది. రెండో పక్క ఆమె తమ్ముడు. భీవండిలో సాంచాల (మరమగ్గాల) కార్ఖానలో లెక్కలు రాస్తాడు. భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకుని వచ్చాడు. ఆ రోజంతా నేను కారు నడిపాను, వాళ్లు వాదించుకున్నారు. ఇద్దరివీ కడుపులోంచి వచ్చిన మాటలే కనుక వాళ్ల యాసలోనే రాస్తున్నాను.

తెల్లవారి చాయ్ దగ్గరే మొదలైంది.

తమ్ముడు: రాత్రి కూసోని మొత్తం లెక్క కట్టిన అక్కా. ఇప్పుడు కదిలితే ముందు కొండగట్టు. ఆడికెల్లి ధర్మపురి, గోదావరిల తానం, నరసింహస్వామి దర్శనం. తర్వాత కోటిలింగాల. మళ్లొచ్చేటప్పుడు కురిక్యాల బొమ్మలగుట్ట. చీకటి పడ్డంక కేబుల్ బ్రిడ్జి లైట్లు. రేపు పొద్దుగాలనే మా బస్సు. మళ్ల వచ్చుడు ఎప్పుడో, ఎవల లగ్గమన్న అయితెనో.

అక్క: ముందు పిలగాండ్లు లేవాలె గదా. మొన్న ఏములాడ పోయినం, నిన్న బాసర, నిర్మల్. రాత్రి ఎంత పొద్దువోయి ఇల్లు చేరినమో నీకు ఎరుకనే. నీ లిస్టుల ఊర్లన్నీ అయితయి తమ్మీ, నేను కాదన. పిలగాండ్లు చూసేది ఏంది మరి? నిర్మల్ల ఏం చూసినవురా అని చిన్నోణ్ని అడిగిన. కోట అనలే, చెరువు అనలే. "అత్తా, ఆ కట్టెకు బరువే లేదు" అన్నడు. పొనికి కట్టె. బొమ్మలు చేసే ఆయన ఒక ముక్క వాని చేతుల పెట్టిండు. చింతగింజల జిగురుల కట్టెపొట్టు కలిపి ఆయన జింక బొమ్మకు చెవులు అతికిస్తుంటె వీడు ఆడ్నే నిలబడ్డడు. మనం పిలిస్తె సుత రాలే. వానికి నిర్మల్ అంటె గదే. మిగితాది మన ఫోన్లల్ల ఉన్నది. ఇయ్యాల ఎలగందుల కోట ఒక్కదానికే పోయి నిమ్మళంగ చూద్దాం.

తమ్ముడు: వానికి ఆరేండ్లు. ఇయ్యాల యాదికుంటదా లేదా అన్నది కాదు నా బాధ. పెద్దగైనంక ఫోటో చూసి "నేను ఈడికి పోయిన" అనుకోవాలె. మా కాలనీల పిల్లలను అడుగు, మీ ఊరేదిరా అంటె "తెలంగాణ" అంటరు. అంతకు మించి ఒక్క పేరు నోటికి రాదు. నా పిల్లలకు పది పేర్లన్న రావాలె.

అక్క: పేర్లకైతె పుస్తకం సాలు.

తమ్ముడు: సాలదు. నిన్న రాంజీ గోండు సంగతి చెప్పిన గదా పిల్లలకు. 1860ల ఇంగ్లీషోళ్లు ఆయనను, ఆయనెంట ఉన్నోళ్లను నిర్మల్ల ఒక్క మర్రికే ఉరితీసిండ్రు. వెయ్యి మందని చెప్పుకుంటరు, వెయ్యి ఉరుల మర్రని దానికి పేరు. ఆ చెట్టును మన బాపు చూసిండు. నేను చూసేటాల్లకు లేదు, గాలివానకు కూలింది. కోటిలింగాల తీసుకో. శాతవాహనుల మొదటి రాజు సిముకుని నాణేలు దొరికిన జాగ. వాళ్ల కంటె ముందటి గోబద, నారన అనే రాజుల నాణేలు సుత అక్కడ్నే దొరికినయి. ఇప్పుడు చాన మట్టుకు ఎల్లంపల్లి ప్రాజెక్టు నీళ్ల కింద ఉన్నది. కరీంనగర్ సుట్టుపక్కల గుట్టలు చూడు, గ్రానైటుకు కోసుకపోతున్నరు. నేను మళ్లొచ్చేసరికి ఏది ఉంటదో, ఏది పోతదో. నువ్వు నిమ్మళంగ చూద్దామంటవు. అవి మనకోసం నిమ్మళంగ ఆగుతయా?

ఈ మాటకు ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పడం కష్టమే. మన దగ్గర పాత కట్టడం పోతే గొడవ జరగదు. ఒక వానాకాలం గడుస్తుంది, ఒక గోడ తగ్గుతుంది, అంతే. దూరంగా ఉన్నవాడికి ఆ తేడా ఏడాదికోసారి ఒక్కసారిగా కళ్లకు కడుతుంది. రోజూ చూసే మాకు కనబడదు.

అక్క: మునిగిన ఊరు ఒడ్డు మీద నిలబడితె పిలగాండ్లకు నీళ్లే కనబడుతయి.

తమ్ముడు: నీళ్ల కింద ఏమున్నదో నేను చెప్త. అది సరే, బొమ్మలగుట్ట సంగతేంది? నువ్వు తెలుగు పంతులమ్మవు. నువ్వే గదా ఫోన్ల గంటసేపు చెప్పినవు నాకు. పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు గుట్ట మీద జైన తీర్థంకరుల బొమ్మలు చెక్కించిండు, కింద శాసనం వేయించిండు అని. సంస్కృతం, కన్నడం, తెలుగు, మూడు భాషలు ఒక్క బండ మీద.

అక్క: 945 ప్రాంతంల. తెలుగుల మూడు కంద పద్యాలు. ఇప్పటిదాంక దొరికిన కందాలల్ల అవే పాతయి. నన్నయ కంటె నూరేండ్ల ముందటియి.

తమ్ముడు: మరి? 2008ల తెలుగుకు ప్రాచీన హోదా ఇచ్చినప్పుడు ఆ రాతినే సాక్ష్యంగ చూపిండ్రని నువ్వే అన్నవు. ఇంటికాడికెల్లి గంట దూరం లేదు. దాన్ని ఇడిసిపెట్టి ఎలగందుల కోట ఎక్కుమంటవు.

అక్క: ఇడిసిపెట్టమంటలే. లిస్టుల నాలుగో నంబరుగ వద్దంటున్న. సాయంత్రం నాలుగింటికి, ధర్మపురి ఎండల తిరిగొచ్చి, ఆకలిమీద, ఆ గుట్టెక్కి, "అగో గదే శాసనం" అని చూపి దిగుడు వద్దంటున్న. నీ పిల్లలకు తెలుగు అక్షరం రాదు. ముందు అఆలు నేర్పి తీసుకరా, నేనే పట్టుకపోత.

ఆమె ఆ మాట కొంచెం గట్టిగానే అన్నది. అతని ముఖం మారింది.

తమ్ముడు: ఇంట్ల తెలుగే మాట్లాడుతరు అక్కా. బడిల ఇంగ్లీషు, గల్లీల హిందీ, దుకాణంల మరాఠీ. నాలుగోది నేర్పెటందుకు నాకు రాత్రి తొమ్మిదింటికి గాని ఇల్లు దొరకది. అయినా ఆ బండ మీది లిపి నువ్వు సుత చదవలేవు. పాతది అది. దాని ముందట నువ్వూ, నా బిడ్డా ఒక్కటే.

ఇది సూటి మాట. పదో శతాబ్దపు లిపి చదవాలంటే దానికి వేరే చదువు కావాలి. మా ఇంట్లో తెలుగు చెప్పేవాళ్లకూ అది రాదు.

అక్క: రాదు, ఒప్పుకుంట. చదవరాని అక్షరం ముందట నిలబడ్డా మనసుకు ఏదో తాకాలంటె తీరిక కావాలె. నేనడిగేది అదే.

వాదన ఇంకా సాగేదే. లోపలి నుంచి మా అత్తమ్మ, వాళ్ల తల్లి, వచ్చి కూర్చుంది. ఏములాడలో కోడె మొక్కు తీర్చుకున్నప్పటి నుంచి ఆమె మోకాలు వాచి ఉంది. కోడె తాడు పట్టుకుని రాజన్న గుడి చుట్టూ తిరిగి వచ్చేసరికి అయిన నొప్పి అది. తీరిన మొక్కు కనుక నొప్పి గురించి ఎవరికీ చెప్పుకోలేదు. "నేను కార్ల అంతదూరం కూసోలేనురా, ఎలగందులకైతె వస్త. మా చిన్నప్పుడు పీరీల పండుగకు ఆడికి పోయెటోళ్లం" అన్నది. దాంతో తేలిపోయింది. కొండగట్టు, ధర్మపురి, కోటిలింగాల, బొమ్మలగుట్ట నాలుగూ ఒక్కమాటతో ఆగిపోయాయి. నా బావమరిది కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు గాని పారేయలేదు.

ఎలగందుల కరీంనగర్‌కు తల్లి లాంటి ఊరు. సిరిసిల్ల రోడ్డు మీద పది కిలోమీటర్ల పైచిలుకు పోతే మానేరు పక్కన గుట్ట, దాని మీద కోట. కాకతీయులు, బహమనీలు, కుతుబ్‌షాహీలు, మొగలులు, ఆసఫ్‌జాహీలు అందరి చేతులూ మారింది. నిజాం కాలంలో చాలా ఏండ్లు ఈ ప్రాంతం పేరే ఎలగందుల జిల్లా. ఈ కోటకు కిల్లేదారుగా ఉన్న సయ్యద్ కరీముద్దీన్ పేరుమీద వెలసిన ఊరు కరీంనగర్. కచేరీలు అక్కడికి తరలిపోయాయి, 1905లో జిల్లా పేరు కూడా అదే అయింది. ఒక ఊరి నుంచి అధికారం లేచిపోతే ఏమవుతుందో చూడాలంటే ఎలగందుల రావాలి. కోట మిగులుతుంది, దాని కింద ఒక పల్లె మిగులుతుంది.

మేం పోయేసరికి ఎండ ఇంకా ముదరలేదు. వానలు వెనుకబడ్డ ఏడాది కాదు కనుక గుట్టంతా పచ్చగా ఉంది. గోడల సందుల్లో సీతాఫలం చెట్లు, కొన్ని కాయలకు కండ్లు తెరుచుకుంటున్నాయి. దర్వాజ దగ్గర నీడకు అత్తమ్మను కూర్చోబెట్టాం. తోడుగా మా బావమరిది భార్య ఉంటానన్నది. పిల్లలు ముందు ఉరికారు. దారి నేరుగా పైకి పోదు. ఒక దర్వాజ దాటగానే మలుపు, మలుపు తిరిగితే గోడ, గోడ పక్క నుంచి మళ్లీ మెట్లు. పెద్ద పిల్లకు పదేండ్లు. రెండో మలుపు దగ్గర ఆగి, "అత్తా, దారి ఇట్ల వంకర ఎందుకు పెట్టిండ్రు?" అని హిందీ కలిపి అడిగింది.

అక్క: నువ్వే చెప్పు. నువ్వు కింద కెల్లి ఏనుగును తోలుకొస్తున్నవు అనుకో.

పిల్ల వెనక్కి చూసింది, గోడ పైకి చూసింది. ఏనుగు తిరగదు, ఉరకదు, పైనుంచి రాళ్లు వేయవచ్చు అని తనంతట తానే చెప్పింది. జవాబు రావడానికి కొంచెంసేపు పట్టింది. ఆ కొంచెంసేపు ఎవరమూ తొందరపెట్టలేదు. నాకు ఆ రోజు మొత్తంలో అన్నిటికంటే నచ్చిన ఘడియ అది.

తమ్ముడు: ఇది బాగనే ఉన్నది. కానీ అక్కా, నువ్వు పక్కకు ఉన్నవు కావట్టి బాగున్నది. నువ్వు లేకుంటె పిల్లలకు ఇది ఉత్త పాడుబడ్డ గోడ. గోల్కొండల చప్పట్లు కొడితె పైన ఇనబడుతదని చూపెటందుకు మనుషులు ఉంటరు. ఈడ వివరం చెప్పెటోళ్లు ఏరి? పైన మసీదు ఉన్నది. 1754ల జఫరుద్దౌలా కట్టించిండని చెప్తరు. దాని మినార్లు పట్టి ఊపితె కదులుతయని మా చిన్నప్పటి సంది ఇంటున్నం. ఇస్ఫహాన్ల ఇసొంటియే ఉన్నయంట, ఒక మినారు ఊపితె రెండోది ఊగుతదని లోకమంతా పోయి టికెట్టు కొని చూస్తది. అహ్మదాబాద్ల సీదీ బషీర్ మసీదుకు సుత పోతరు. మన ఎలగందుల పేరు హైదరాబాదోళ్లకే సరిగ తెల్వది.

అక్క: అందుకే మనం రావాలె.

తమ్ముడు: ఒక్క రోజు మనం వస్తె దీనికి ఏమొచ్చే?

అక్క: దీనికి ఏం రాకపాయె. మనకు వస్తది.

తమ్ముడు: మనకు కాదు, నీకు. కోపం చెయ్యకు, చెప్తున్న. నిమ్మళంగ చూసుడు అనేది ఊర్ల ఉన్నోళ్ల మాట. నీకు ఈ వారం కాకుంటె వచ్చే వారం. ఈ ఏడు కాకుంటె మళ్లేడు. నాకు అట్ల లేదు. నేను పదిహేడేండ్లకు ఊరిడిసిన. సాంచాల చప్పుడుల పడి ఇరవై ఏండ్లు గడిసినయి. నా చేతుల ఉన్నది ఒక్క దినం. ఒక్క దినం ఉన్నోడు లిస్టు రాసుకోక ఏం చేస్తడు? ఆగుడు అనేది సుత ఒక ఆస్తే అక్కా, అది నా దగ్గర లేదు.

ఈ మాటలు విన్నాక నేను అతని వైపు తిరిగిపోయానేమో అనిపించింది. తీరికగా చూడండి అని సలహా ఇవ్వడం సులువు. ఆ తీరిక కొందరికి పుట్టుకతో వస్తే, కొందరు దాన్ని పొట్టకూటికి అమ్ముకుని పోయారు. సిరిసిల్ల, కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు నుంచి పోయిన పనివాళ్లందరి సంగతీ ఇదే. వాళ్లు ఆదరాబాదరాగా గుళ్లూ కోటలూ తిరుగుతుంటే మనం నవ్వకూడదు.

నా భార్య మెట్టు మీద కూర్చుంది. ఆమె చెప్పిన జవాబు నేను ఊహించనిది.

అక్క: నీకు ఒక్క దినం ఉన్నది తమ్మీ. నాకు ఎన్ని ఉన్నయనుకున్నవు? ఈ రోడ్డు మీద ఎన్నిసార్లు సిరిసిల్ల పోయిన్నో లెక్కలేదు. కోట కనబడుతది, మళ్ల వద్దాంలే అనుకుంట, బస్సు ముందుకు పోతది. మా బడిల పిల్లలను అడిగిన ఒకసారి, కరీంనగర్ల పుట్టినోళ్లే, ఎలగందుల చూసినోళ్లు చేతులెత్తుండ్రి అంటె నాలుగు చేతులు లేసినయి. ఊర్ల ఉన్నోళ్లు రోజూ చూస్తరనుకుంటున్నవా? ఊర్ల ఉన్నోళ్లు చుట్టాలొచ్చిన్నాడే చూస్తరు. నీ ఆఖరి రోజు నాది సుత. నువ్వు లిస్టు పట్టుకొని ఉరికితె నాది సుత పోతది.

తమ్ముడు: ఇది ముందుగాల చెప్తె అయిపోవు గదా.

అక్క: చెప్తె నువ్వు ఐదో ఊరు కలుపుదువు.

పైదాకా ఎక్కాం. మినార్లను ఊపే ప్రయత్నం ఎవరమూ చేయలేదు. పెద్ద పిల్లకు అది పెద్ద నిరాశ. రెండు వందల ఏండ్లు దాటిన కట్టడాన్ని పరీక్ష కోసం ఊపకూడదని వాళ్ల నాన్నే చెప్పాడు. పై నుంచి చూస్తే ఒక పక్క మానేరు నీళ్లు పరుచుకుని కనబడతాయి. దిగువన కరీంనగర్ పక్క మానేరు డ్యాం. 1985లో పూర్తయింది, నిండితే 24 టీఎంసీల నీళ్లు. వరికి, మక్కకు, కరీంనగర్ కుళాయిలకు అదే ఆధారం. కిందికి దిగాక అత్తమ్మ ఆ నీళ్ల వైపు చెయ్యి చూపి, "మా మేనత్త ఊరు దాని కిందనే ఉన్నది. పొలాలు తడిసినయి, మంచిదే. ఊరు పోయింది" అన్నది. మా బావమరిది పొద్దున కోటిలింగాల గురించి చెప్పిన మాటే అది. చదువు లేని మనిషి, ఎవరి మీదా నింద వేయకుండా చెప్పింది.

అతను తల్లి పక్కన కూర్చుని ఆ ఊరి సంగతులు అడగటం మొదలుపెట్టాడు. ఎన్ని ఇండ్లు ఉండేవి, బావి ఎటు ఉండేది, గుడి ఎవరిది, ఎవరెవరు ఎటు లేచిపోయారు. పిల్లలు సీతాఫలాలు పగలగొట్టుకుని తిన్నారు. సద్ది విప్పితే సర్వపిండి, పల్లికారం, పెరుగన్నం. అక్కడ ఎంతసేపు ఉన్నామో ఎవరం చూసుకోలేదు. ఒక్కమాట చెప్పాలి: ఆ ఊరి ముచ్చట ఏ లిస్టులోనూ ఉండేది కాదు, ధర్మపురి దారిలో కారులో బయటికి వచ్చేదీ కాదు.

పొద్దు వాలాక కరీంనగర్‌లో ఒక వెండి తీగ పని చేసే ఇంటికి పోయాం. దీన్నే ఫిలిగ్రీ అంటారు. కటక్‌లో తారకాసి అనే పని దీనికి దగ్గరి చుట్టం. ఇక్కడి పని కూడా మొదట ఎలగందులలోనే ఉండేదని, కచేరీలతో పాటే పనివాళ్లు కరీంనగర్ వచ్చారని చెప్తారు. 2007లో దీనికి జీఐ గుర్తింపు వచ్చింది. పన్‌దాన్‌లు, అత్తర్‌దాన్‌లు, పళ్లేలు, నెమళ్లు, చార్మినార్ బొమ్మలు చేస్తారు.

మా బావమరిది గుమ్మం దగ్గరే నిలబడి ఒక నిమిషం చూసి పోదామనుకున్నాడు. బల్ల ముందు కూర్చున్న పెద్దమనిషి తీగ లాగుతున్నాడు. వరుసగా రంధ్రాలున్న ఉక్కు పలక. పెద్ద రంధ్రం నుంచి మొదలుపెట్టి ఒకదాని తర్వాత ఒకటి చిన్నవాటిలోంచి లాగుతుంటే వెండి సన్నబడుతూ పోతుంది. అలాంటి రెండు తీగలను కలిపి మెలిపెట్టి, అణచి చదును చేశాడు. లావు తీగతో ఆకు అంచు వంచి పెట్టుకున్నాడు. ఆ అంచు లోపల సన్న తీగను పట్టకారుతో చుట్టలు చుట్టలుగా వంచి కూర్చాడు. ఒక్క చుట్ట కదిలినా మళ్లీ తీసి పెట్టాడు. మీద అతుకు పొడి, వెలిగారం చల్లి, గొట్టంతో ఊది మంట తగిలించాడు. మంట ఒక్క క్షణం ఎక్కువైతే తీగ కూడా కరుగుతుంది, తక్కువైతే అతుకు పట్టదు. ఆయన కండ్లు ఆ ఆకు రంగు మీదే ఉన్నాయి.

నేతపని కుటుంబంలో పుట్టిన మనిషికి పోగు కనబడితే కాళ్లు ఆగిపోతాయి. మా బావమరిది చెప్పులు విడిచి లోపలికి పోయి ఆయన పక్కనే చాప మీద కూర్చున్నాడు.

తమ్ముడు: కాకా, దీన్ని తెగకుండ ఎట్ల లాగుతరు? మా దగ్గర పోగు తెగితె సాంచె ఆగుతది.

ఆయన నవ్వి, మధ్యమధ్య వెండిని కాల్చి మెత్తబరచాలి అన్నాడు. లాగే కొద్దీ గట్టిబడుతుందట, గట్టిబడ్డ తీగ విరుగుతుందట. తర్వాత ఇద్దరూ కూలి గురించి, పిల్లలు ఈ పనిలోకి వస్తున్నారా అన్నదాని గురించి, యంత్రం మీద పోసిన వస్తువు పక్కన చేతితో చేసిన వస్తువు ఎలా అమ్ముడుపోతుంది అన్నదాని గురించి మాట్లాడుకున్నారు. ఇద్దరి కష్టం ఒక్క రకందే కనుక ఆ మాటలకు లోతు ఉంది. చిన్నోడు మంట దగ్గర నుంచి జరగలేదు.

చీకటి పడ్డాక కారెక్కి, కేబుల్ బ్రిడ్జి వైపు తిప్పాను. 2023లో తెరిచిన వంతెన అది, సాయంత్రమైతే ఊరంతా అక్కడే ఉంటుంది. దారిలో అక్కాతమ్ముళ్ల మాటలు మళ్లీ మొదలయ్యాయి.

అక్క: ఇప్పుడన్న ఒప్పుకుంటవా?

తమ్ముడు: ఈ దినం మంచిగ గడిసిందని ఒప్పుకుంట. నాది తప్పని ఒప్పుకోను. బొమ్మలగుట్ట చూడకుండనే పోతున్న. నువ్వు చెప్పిన మూడు పద్యాలు నా బిడ్డ చూడలే. రేపు ఏదన్న అయితె ఎవలు జవాబుదారీ?

అక్క: సంక్రాంతికి రా.

తమ్ముడు: సెలవు దొరకది. నేను రాకుంటె నువ్వన్న పో. నీ బడి పిల్లలను తీసుకపో. చేతులెత్తిన నలుగురు కాదు, ఎత్తని వాళ్లను. ఫోన్ల వీడియో పెట్టి నా పిల్లలకు చూపు. ఆగుడు నీకు ఆస్తి అయితె దాన్ని ఖర్చు పెట్టు అక్కా. దాచిపెట్టకు.

ఆమె సరే అన్నది. దసరా సెలవులు అయిపోయిన తర్వాతి ఆదివారమే ఇరవై మంది పిల్లలతో కురిక్యాల పోయి వచ్చింది. నేనూ పోయాను. శాసనం ముందు పిల్లలు తమకు తెలిసిన అక్షరం ఒక్కటైనా దొరుకుతుందేమోనని వేలు పెట్టి వెతకబోతే, తాకకుండా చూడమని ఆమె ఆపింది.

నా తీర్పు అడిగితే, ఆఖరి రోజు ఎలా గడపాలన్నదాంట్లో అక్కదే సరి. ఒక్క చోటు, ఇంటికి దగ్గరిది, ముసలివాళ్లు కూడా రాగలిగింది. సద్ది కట్టుకుని పోవాలి, వాచీ చూడకుండా కూర్చోవాలి. కానీ మిగిలిన మూడు వందల అరవై నాలుగు రోజుల విషయంలో తమ్ముడు చెప్పిందే సరి. బతకబోయిన వాళ్లకు మన చరిత్ర మీద ఉన్న ఆత్రంలో సగమైనా ఊళ్లో ఉన్న మనకు లేదు. కోట పది కిలోమీటర్లలో ఉంది, తొలి కందాలు చెక్కిన బండ గంట దూరంలో ఉంది, వెండి ఆకులు అల్లే చేతులు మన గల్లీలోనే ఉన్నాయి. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్, ఆదిలాబాద్ వాళ్లకు నా విన్నపం ఒక్కటే: చుట్టాలు వచ్చేదాకా ఆగకండి. వచ్చే ఆదివారం మీ ఇంట్లో పెద్దవాళ్లను, పిల్లలను వెంటబెట్టుకుని దగ్గర్లో ఉన్న ఒక్కదానికి పోయి రండి.